కోతలరాయని నిజములు

కోతలు కోయువారు లేని దేశము లేదు. అయినను పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా పడమటి సీమలలో అది యొక విద్యయై వర్ధిల్లెను. అందు ఆరితేరినవాడు జిమ్ బ్రిడ్జర్. 1804లో వర్జీనియా రాష్ట్రమున జన్మించిన ఇతనికి అక్షరజ్ఞానము లేదు. తోళ్లకై బీవరులను జంతువులను వేటాడుచు రాకీ పర్వతములలో సంచరించెను.

ఒకనాడు దుప్పిని గురిచూచి ఎన్నిమారులు కాల్చినను అది చెవియైన కదల్పలేదట. చేరి చూడగా నడుమ గాజుకొండ! దుప్పి దాని కావల పాతికమైళ్ల దూరమున మేయుచున్నదట. వేరొకచోట అడవియెల్ల రాయి, రాతికొమ్మలపై రాతిపక్షులు. ఇట్టివి ఇతడు చెప్పినట్లు ప్రతీతి.

చలిమంట చుట్టును ఈ కోతలేల? తూర్పునుండి క్రొత్తగా వచ్చినవాని తెలివిని పరీక్షించుటకును, అడుగడుగున పొంచియున్న మృత్యువును నవ్వి మరచుటకును అని నా తలంపు.

కాని ఈ విద్యకు వెల కలదు. భూమినుండి మరుగునీరు మింటి కెగయు తావు కలదని బ్రిడ్జర్ చెప్పగా, పెక్కురు దానినికూడ కోతయే యనిరి. 1871లో హేడెన్ నాయకత్వమున ప్రభుత్వ సర్వే బృందము పోయి చూచి, ఛాయాచిత్రములు తెచ్చెను. 1872లో ఆ ఎల్లోస్టోన్ ప్రదేశము జాతీయోద్యానమయ్యెను. అగ్నిపర్వతము పుట్టించిన నల్లగాజు కొండచరియయు, నిలువున రాయియైన చెట్లును నేటికి నచట నున్నవి. రాతిపక్షులు మాత్రమే కల్పితములు.

బ్రిడ్జర్ 1881వరకు జీవించెను. కోతలరాయని నోట వెలువడిన నిజమునకు ఛాయాచిత్రము సాక్ష్యము పలుకవలసివచ్చెను.