నర్సమ్మ లెక్క

పిల్లలూ! ఆపరేషను అనగానే మనకు డాక్టరుగారే గుర్తుకు వస్తారు. ఆయన చేయి చాపగానే కావలసిన పనిముట్టును అందించే నర్సమ్మ ఎందరికి గుర్తుకు వస్తుంది? విజయవాడ పెద్దాసుపత్రిలోనైనా, గుడివాడ, అవనిగడ్డ వంటి ఊళ్ళ ఆసుపత్రులలోనైనా ఆమె లేనిదే ఆపరేషను సాగదు. ఆమె చేసే పనులేమిటో తెలుసుకుందామా?

రోగి రాకముందే ఆమె పని మొదలవుతుంది. కత్తెరలనూ, పట్టకార్లనూ, గుడ్డలనూ ఆటోక్లేవు అనే యంత్రంలో పెట్టాలి. ఇది మన వంటింటి ప్రెషర్ కుక్కరుకు పెద్దన్న వంటిది. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది కదా? ఆ వేడికి చావని మొండి సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. అందుచేత యంత్రంలో ఆవిరిని బిగించి, 121 డిగ్రీల వేడిలో కనీసం 15 నిమిషాలు ఉంచుతారు.

తరువాత ఆమె మోచేతుల దాకా శుభ్రంగా తోముకొని, చేతులు పైకెత్తి పట్టుకుంటుంది. ఎందుకో చెప్పగలరా? మోచేతి నీరు వేళ్ళ మీదికి జారకుండా! ఆ పైన రబ్బరు తొడుగులు వేసుకుంటుంది.

ఈ తొడుగులకు ఒక కథ ఉన్నది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు ఉండేది. సూక్ష్మజీవులను చంపే ఘాటైన మందునీటి వల్ల ఆమె చేతులు పాడైనాయి. హాల్‌స్టెడ్ అనే డాక్టరు 1889-90 ప్రాంతంలో ఆమె కోసం పల్చని రబ్బరు తొడుగులు చేయించాడు. నర్సు చేతుల కోసం వచ్చిన తొడుగులే తరువాత ఎందరో రోగులను కాపాడాయి.

ఇక అసలైన పని లెక్క. పూర్వం మన కళ్ళాలలో ధాన్యం కొలిచేటప్పుడు "లాభం, రెండు, మూడు" అంటూ పైకి లెక్కపెట్టేవారు. అలాగే ఇద్దరు నర్సులు సూదులనూ, రక్తం అద్దే గుడ్డలనూ పైకి లెక్కపెట్టి రాసుకుంటారు. కోసిన చోట కుట్టేముందు మళ్ళీ లెక్కిస్తారు.

మీరూ చేయండి. మొదట 20 గుడ్డలు, మధ్యలో మరి 10 తెచ్చారు. వాడనివి 8, వాడినవి 21. మొత్తం ఎన్ని? 29! ఒకటేదీ?

"డాక్టరుగారూ, ఒకటి తక్కువ!" అని నర్సమ్మ అంటే ఎంత పెద్ద డాక్టరైనా ఆగవలసిందే. నేలమీద, తొట్టిలో, రోగి కడుపులో వెతుకుతారు. దొరకకపోతే ఎక్స్‌రే తీస్తారు. ఆ గుడ్డలలో ఎక్స్‌రేకు కనిపించే దారం నేసి ఉంటుంది. కళ్ళంలో లెక్క తప్పితే కుంచెడు గింజలే పోతాయి. ఇక్కడ తప్పితే ప్రాణానికే ముప్పు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తయారుచేసిన ఆపరేషను పట్టికలో ఈ లెక్కను కూడా చేర్చింది.

ఇంటరు తరువాత 4 సంవత్సరాల బి.యస్సి. నర్సింగు చదువు ఉన్నది. విజయవాడలో 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ పట్టా ఇస్తుంది. మగపిల్లలు కూడా చదవవచ్చును. శుభ్రత, ఓర్పు, తప్పు కనబడితే ఎవరి ముందైనా నోరు విప్పే ధైర్యం - ఈ మూడూ ఉండాలి. వాటిని బడిలోనే అలవరచుకోండి!