షామ్‌బర్గ్ నుంచి ఇంటికి ఫోను: చట్టం ఎవరి మాటను కాపాడుతుంది?

షికాగో నగరానికి వాయవ్యంగా, ఒహేర్ విమానాశ్రయం దాటిన తరువాత వచ్చే షామ్‌బర్గ్, 1956లో పొలాల నడుమ చిన్న గ్రామంగా నమోదై, ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాలలోనే కార్యాలయ భవనాలతో, దుకాణ సముదాయాలతో పెద్ద శివారు పట్టణంగా పెరిగింది. 1976లో మోటరోలా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తరలించింది. చేతిలో పట్టుకుని మాట్లాడగలిగే మొదటి వాణిజ్య సెల్‌ఫోను డైనాట్యాక్‌కు 1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించే నాటికి ఆ సంస్థ చిరునామా షామ్‌బర్గే. ఆ సంస్థ 2011లో రెండుగా చీలిపోగా, పోలీసు రేడియోలు తయారుచేసే భాగమైన మోటరోలా సొల్యూషన్స్ 2016లో తన ప్రధాన కార్యాలయాన్ని షికాగో నగరానికి మార్చుకుని, 2019లో వాహనాల నంబరు పలకలను ఫొటోలు తీసి భద్రపరిచే కెమెరాల వ్యాపారంలో ఉన్న విజిలెంట్ అనే సంస్థను కొనుగోలు చేసింది. మాటను దూరానికి చేర్చే యంత్రాన్ని జనం చేతిలో పెట్టిన వంశానికి చెందిన సంస్థే కొన్ని దశాబ్దాల తరువాత, జనం ఎటు వెళ్తున్నారో నమోదు చేసే యంత్రాలను పోలీసులకు అమ్మడం ఈ కాలపు చరిత్రలో గమనించదగిన విషయం.

సాఫ్ట్‌వేర్, బీమా, టెలికాం ఉద్యోగాల కోసం వచ్చి ఈ శివారులో స్థిరపడిన భారతీయ కుటుంబాలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. సముద్రాల అవతల ఉన్న తల్లిదండ్రులతో, అన్నదమ్ములతో, స్నేహితులతో రోజూ మాట్లాడుకునే ఈ కుటుంబాల సంభాషణలు రెండు దేశాల నిఘా చట్టాల పరిధిలో నడుస్తాయి. ఆ చట్టాలు మాట విలువను బట్టి కాక, మాట్లాడే మనిషి ఏ నేల మీద నిలబడ్డాడు, అతని చేతిలో ఏ కాగితం ఉంది అన్నదాన్ని బట్టి రక్షణను కొలిచి ఇస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరం మాత్రం ఎంతో ఉంది.

అమెరికా రాజ్యాంగంలో గోప్యత అన్న మాట ఎక్కడా కనిపించదు. 1791లో అమలులోకి వచ్చిన నాలుగవ సవరణ, ప్రజల శరీరాలను, ఇళ్లను, కాగితాలను, వస్తువులను అకారణంగా సోదా చేయరాదని, సోదాకు న్యాయమూర్తి ఇచ్చే వారంటు, దానికి తగిన ఆధారం ఉండాలని నిర్దేశించింది. టెలిఫోను సంభాషణ కూడా ఆ రక్షణ పరిధిలోకే వస్తుందని సుప్రీం కోర్టు 1967లో తేల్చింది. అయితే ఎవరు ఏ నంబరుకు ఫోను చేశారన్న వివరాలను, అంటే సంభాషణ సారాన్ని కాక దాని చుట్టూ ఉండే సమాచారాన్ని, టెలిఫోను సంస్థ వద్ద ఉన్న వ్యాపార రికార్డుగానే చూసి, దానికి వారంటు అక్కరలేదని అదే న్యాయస్థానం 1979లో చెప్పింది. సెల్‌ఫోను టవర్ల రికార్డుల ద్వారా ఒక మనిషి రోజుల తరబడి ఎక్కడెక్కడ తిరిగాడో తెలుసుకోవాలంటే సాధారణంగా వారంటు ఉండి తీరాలని 2018లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పుతో ఆ వెసులుబాటు కొంత కుంచించుకుపోయింది.

ఇలినాయ్ రాష్ట్రం ఈ విషయంలో దేశం కంటే ఒక అడుగు ముందే వేసింది. 1970లో ఆమోదించిన ఆ రాష్ట్ర రాజ్యాంగం మొదటి అధికరణం ఆరవ విభాగంలో, అకారణ సోదాలతో పాటు గోప్యతలోకి చొరబడటాన్నీ, సంభాషణలను చాటుగా వినే పరికరాలతో అడ్డగించడాన్నీ పేరుపెట్టి నిషేధించింది. ఏకాంత సంభాషణను అందులో పాల్గొన్నవారందరి అనుమతి లేకుండా రహస్యంగా రికార్డు చేయడం ఆ రాష్ట్రంలో నేరం. కాబట్టి షామ్‌బర్గ్‌లో ఒక వ్యక్తి తన వ్యాపార భాగస్వామితో జరిపిన ఫోను సంభాషణను చెప్పకుండా రికార్డు చేస్తే అతడు రాష్ట్ర చట్టానికి జవాబు చెప్పుకోవాలి. అదే వ్యక్తి హైదరాబాదుకు పంపిన ఈమెయిలును ఫెడరల్ నిఘా సంస్థ సేకరించి అయిదేళ్ల పాటు దాచుకుంటే రాష్ట్ర రాజ్యాంగానికి ఆపే అధికారం లేదు.

ఆ సేకరణకు ఆధారం విదేశీ గూఢచార నిఘా చట్టంలో 2008లో చేర్చిన 702వ విభాగం. అమెరికా వెలుపల ఉన్నారని నమ్మడానికి తగిన కారణం ఉన్న విదేశీయుల సందేశాలను, అమెరికా సంస్థల సర్వర్ల నుంచీ, దేశం గుండా సాగే ప్రధాన కేబుళ్ల నుంచీ, వ్యక్తి వారీగా వారంటు లేకుండా సేకరించే అధికారాన్ని అది జాతీయ భద్రతా సంస్థకు ఇస్తుంది. ఇందుకోసం ఏర్పడిన ప్రత్యేక రహస్య న్యాయస్థానం ఏడాదికొకసారి సేకరణ పద్ధతులను పరిశీలించి ఆమోదిస్తుందే తప్ప, ఫలానా మనిషి మీద నిఘా పెట్టవచ్చునా అని ఒక్కొక్కరి విషయంలో ప్రశ్నించదు. 2013లో ఆ సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో ప్రిజం అన్న సేకరణ కార్యక్రమం పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ కార్యక్రమం ఈ విభాగం కిందే నడిచింది. 2023లో ఈ విభాగం కింద లక్ష్యాలుగా ఉన్నవారు 2,68,590 మంది అని అమెరికా గూఢచార విభాగాలే ప్రకటించాయి. లక్ష్యంగా ఎంచుకోవడానికి ఉగ్రవాదంతో సంబంధం ఉండనవసరం లేదు. అమెరికా విదేశాంగ వ్యవహారాలకు ఉపయోగపడే సమాచారం లభిస్తుందన్న అంచనా చాలు.

ఈ నిబంధనల పనితీరు ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే స్పష్టమవుతుంది. షామ్‌బర్గ్‌లో అన్నదమ్ములిద్దరు ఉన్నారు: అన్నకు గ్రీన్ కార్డు ఉంది, తమ్ముడు హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్నాడు, తమ్ముడి కూతురు అక్కడే పుట్టింది కనుక అమెరికా పౌరురాలు. వారి మేనమామ హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాలలో శాస్త్రవేత్త. గుంటూరులో ఉన్న అమ్మమ్మ ఆరోగ్యం గురించి, పెళ్లి సంబంధాల గురించి, పొలం కౌలు గురించి వీరందరి మధ్య ఈమెయిళ్లు, సందేశాలు నడుస్తుంటాయి. ఆ మేనమామ వృత్తిని బట్టి ఆయన లక్ష్యంగా మారడానికి చట్టంలో అడ్డంకి ఏమీ లేదు. ఆయన లక్ష్యమైన క్షణం నుంచి ఆయనకు షామ్‌బర్గ్ నుంచి చేరే ప్రతి ఈమెయిలూ సేకరణలోకి రావచ్చు. నిఘా పరిభాషలో దీనికి యాదృచ్ఛిక సేకరణ అని పేరు. వాట్సాప్ వంటి సేవలలో 2016 నుంచి పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో ఎవరికీ అర్థం కాని రీతిలో సందేశాన్ని గుప్తీకరించే ఏర్పాటు ఉన్నందున అక్కడ మాట కొంత భద్రం. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడారన్న వివరం మాత్రం ఆ రక్షణకు వెలుపలే ఉంటుంది.

అలా చేరిన సమాచారంలో అన్న, తమ్ముడు, తమ్ముడి కూతురు ముగ్గురూ ఉన్నా, చట్టం వారిని ఒకేలా చూడదు. చట్టం దృష్టిలో అమెరికా వ్యక్తులంటే పౌరులు, గ్రీన్ కార్డుదారులు. వారి వివరాలను వీలైనంత మరుగుపరచాలన్న నియమాలు ఈ ఇంట్లో అన్నకూ, చిన్నపిల్లకూ వర్తిస్తాయి. తమ్ముడికి అవి వర్తించవు. అతడు అమెరికా నేల మీద ఉన్నంతకాలం 702 కింద అతన్ని నేరుగా లక్ష్యం చేయరాదు, అది అతనికున్న రక్షణ. డిసెంబరు సెలవులకు శంషాబాదు విమానాశ్రయంలో దిగినప్పుడు ఆ రక్షణ కూడా ఉండదు: అదే మనిషి, అదే ఫోను, అదే ఈమెయిలు చిరునామా, కానీ ఇప్పుడతడు అమెరికా వెలుపల ఉన్న విదేశీయుడు. పన్నులు కట్టి, పిల్లల్ని బడికి పంపి, పదేళ్లూ పదిహేనేళ్లూ గ్రీన్ కార్డు వరుసలో నిలబడిన మనిషి ఏకాంతానికి విమాన టికెట్టుతో మారిపోయే విలువ కట్టడం న్యాయం అనిపించుకోదు.

సేకరించిన భాండాగారంలో అమెరికన్ల పేర్లు, నంబర్లు కొట్టి వెతికే వెసులుబాటు ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఉండటమే అసలు వివాదానికి మూలం. విదేశీయుల కోసమని వారంటు లేకుండా తెచ్చిన సమాచారంలో స్వదేశీయుల కోసం వారంటు లేకుండా వెతకడమంటే నాలుగవ సవరణను దొడ్డిదారిన దాటడమేనని పౌరహక్కుల సంఘాలు ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాయి. 2021లో అటువంటి వెతుకులాటలు 34 లక్షల వరకు జరిగి ఉండవచ్చునని అధికారిక నివేదికే పేర్కొంది. నిబంధనలు బిగించి, లెక్కించే పద్ధతి మార్చిన తరువాత 2023లో ఆ సంఖ్య 57 వేలకు దిగింది. పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణించిన తరువాత జరిగిన నిరసనలలో పాల్గొన్నవారి పేర్లతోనూ, ఒక కాంగ్రెస్ అభ్యర్థికి విరాళాలిచ్చిన 19 వేల మంది పేర్లతోనూ ఎఫ్‌బీఐ వెతికిందని 2023లో వెల్లడైన న్యాయస్థాన పత్రాలు చెప్పాయి. ఇటువంటి వెతుకులాటకు వారంటు అవసరమేనని బ్రూక్లిన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు 2025 జనవరిలో బహిరంగమైంది.

సరిహద్దు దగ్గర సోదా సంగతి దీనికంటే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. షామ్‌బర్గ్‌వాసులు స్వదేశం వెళ్లి తిరిగివచ్చే దారి ఒహేర్. అక్కడ జరిగిన ఒక సోదా మీద వచ్చిన అప్పీలులో, సరిహద్దులో అధికారి ప్రయాణికుడి ఫోనును చేత్తో తెరిచి చూడటానికి ప్రత్యేకమైన అనుమానం ఏదీ అవసరం లేదని షికాగోలోని ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం 2024లో తీర్పు చెప్పింది. పరికరాలు తగిలించి సమాచారాన్ని నకలు చేసుకోవాలంటే మాత్రం సహేతుకమైన అనుమానమో, జాతీయ భద్రతా కారణమో ఉండాలని సరిహద్దు రక్షణ విభాగం 2018లో తనకు తాను నియమం పెట్టుకుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో దేశంలోకి వచ్చిన దాదాపు 42 కోట్ల మంది ప్రయాణికులలో సుమారు 47 వేల మంది పరికరాలను సోదా చేశారు. శాతంగా చూస్తే ఇది అత్యల్పమే. ఆ వరుసలో నిలబడిన వ్యక్తికి శాతాలు ఊరటనివ్వవు. పౌరుడు పాస్‌వర్డు చెప్పకపోతే ఫోనును స్వాధీనం చేసుకోవచ్చు గానీ అతన్ని దేశంలోకి రాకుండా ఆపలేరు. వీసా మీద వచ్చినవాడు నిరాకరిస్తే వచ్చిన విమానాశ్రయం నుంచే వెనక్కి పంపవచ్చు.

ఇక వీసా దశలోనే సామాజిక మాధ్యమాల ఖాతాల వివరాలు అడగడం 2019లో మొదలైంది. విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచిపెట్టాలని 2025 జూన్‌లో ఆదేశించిన అమెరికా విదేశాంగ శాఖ, ఆ ఏడాది డిసెంబరు 15 నుంచి దాన్ని హెచ్-1బీ, వారి కుటుంబ సభ్యుల హెచ్-4 దరఖాస్తుదారులకూ విస్తరించింది. హైదరాబాదుతో సహా భారతదేశంలోని కాన్సులేట్లలో ఎందరివో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. దీనికంటే తక్కువ చర్చకు వచ్చిన మార్పు 2024 ఏప్రిల్‌లో 702వ విభాగాన్ని రెండేళ్లకు పొడిగించినప్పుడు జరిగింది: అమెరికాకు రాదలచిన విదేశీయుల పూర్వాపరాలను ఆ నిఘా భాండాగారంలో వెతకడానికి ఆ చట్టం దారి తెరిచింది. పాత పోస్టులను చెరిపేసుకునే యువతీయువకుల జాగ్రత్త ఎవరికైనా అర్థమవుతుంది; తాను ఏం మాట్లాడితే ఏమవుతుందోనన్న శంకతో మనిషి ముందే నోరు కట్టేసుకోవడమే నిఘా చేసే అసలు నష్టం, అది ఏ లెక్కలోనూ కనబడదు.

ఫోను అవతలి కొసన ఉన్న తెలుగునేల మీద రక్షణ ఇంతకంటే గట్టిదేమీ కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఫోన్లను విచ్చలవిడిగా వినరాదని, హోం శాఖ కార్యదర్శి లిఖితపూర్వక ఆదేశం, దానిని సమీక్షించే సంఘం ఉండాలని భారత సుప్రీం కోర్టు 1996లో నిర్దేశించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. కానీ ఆదేశం ఇచ్చేదీ, సమీక్షించేదీ ప్రభుత్వాధికారులే. ఎక్కడా న్యాయమూర్తి ప్రమేయం లేదు, విన్న తరువాతైనా ఆ వ్యక్తికి తెలియజేయవలసిన బాధ్యతా లేదు. రెండు నెలలకొకసారి కూర్చునే సమీక్ష సంఘం ముందుకు ఒక్కో సమావేశంలో 15 వేల నుంచి 18 వేల ఆదేశాలు వస్తాయని, వాటిని పరిశీలించడం ఆచరణలో అసాధ్యమని వ్యక్తిగత సమాచార రక్షణపై ఏర్పడిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘం 2018లో రాసింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2024లో వచ్చిన నియమాలు పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాయి గానీ ఈ లోపాన్ని అలాగే ఉంచాయి.

2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసు స్టేషనులో నమోదైన కేసు ఆ లోపం ఎంతవరకు దారితీయగలదో చర్చకు తెచ్చింది. మావోయిస్టుల కదలికలను గమనించడానికి ఏర్పడిన తెలంగాణ పోలీసుల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలోని సాధనాలను ప్రతిపక్ష నాయకుల, వ్యాపారుల, పాత్రికేయుల ఫోన్లు వినడానికి వాడారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వెలువడగానే హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారని అందులోని ఆరోపణ. ఆ విభాగం మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు ఆ సమయంలో అమెరికాలో ఉండి, సుప్రీం కోర్టు ఇచ్చిన తాత్కాలిక రక్షణతో 2025 జూన్‌లో తిరిగివచ్చి దర్యాప్తు అధికారుల ముందు హాజరయ్యారు; ఆరోపణలను ఆయన ఖండించారు. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. అయితే మావోయిస్టుల పేరుతో పొందిన అనుమతి మరొకరి మీద వాడబడిందో లేదో కనిపెట్టే యంత్రాంగం వ్యవస్థలో లేదన్న సంగతికి తీర్పు కోసం ఎదురుచూడనక్కరలేదు.

ఇలినాయ్‌లో అటువంటి కనిపెట్టే యంత్రాంగం పనిచేసిన సందర్భం షామ్‌బర్గ్‌కు సమీపంలోనే ఉంది. నంబరు పలకల కెమెరాల సమాచారాన్ని గర్భస్రావాల, వలసదారుల హోదాల వేటకు పంచరాదని ఆ రాష్ట్రం చేసిన చట్టం 2024 జనవరి 1 నుంచి అమలులోకి రాగా, మౌంట్ ప్రాస్పెక్ట్ పట్టణ పోలీసుల కెమెరా సమాచారం గర్భస్రావం చేయించుకున్న ఒక మహిళ కోసం టెక్సాస్ షెరీఫ్ కార్యాలయం చేసిన వెతుకులాటకు అందుబాటులో ఉందని ఇలినాయ్ రాష్ట్ర కార్యదర్శి 2025 జూన్‌లో బయటపెట్టి, ఆడిట్‌కు ఆదేశించారు. ప్రతి వెతుకులాటకు ఒక నమోదు ఉండటం, ఆ నమోదును తెరిచి చూసే అధికారం పోలీసులకు వెలుపల ఉన్నవారికి ఉండటం, ఈ రెండూ లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఫెడరల్ స్థాయిలో మాత్రం నిఘాకు అటువంటి అదుపు ఒక్క ఓటు దూరంలో ఆగిపోయింది. భాండాగారంలో అమెరికన్ల పేర్లతో వెతకడానికి వారంటు తప్పనిసరి చేయాలన్న సవరణ 2024 ఏప్రిల్ 12న ప్రతినిధుల సభ ముందుకు వచ్చినప్పుడు 212 ఓట్లు అనుకూలంగా, 212 ఓట్లు వ్యతిరేకంగా పడి, సమానమైనందువల్ల వీగిపోయింది. ఆ సవరణ నెగ్గి ఉంటే షామ్‌బర్గ్‌లోని అన్నకూ, తమ్ముడి కూతురికీ వారంటు రక్షణ దక్కి ఉండేది. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముడి పేరును ఆ సవరణ పాఠం కూడా తన పరిధిలోకి తీసుకోలేదు.