కార్యాలయములలో కాగితపు పొదుపు

రేడియోలో ప్రసంగము చదువువారు కాగితమును త్రిప్పరు, ప్రక్కకు జరుపుదురు. త్రిప్పినచో కలుగు గలగల ధ్వనిని మైకు వెంటనే పట్టుకొని మీ ఇంటికి చేర్చును. అందుచేత మేము ప్రసంగపాఠమును కాగితమునకు ఒకవైపుననే వ్రాయింతుము. ఇది చూచినవారు, పొదుపును గూర్చి చెప్పు మీరే సగము కాగితమును వృథా చేయుచున్నారే యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. సమాధానమునకు ముందు కొంత లెక్క తెలియవలెను.

ఒకప్పటి ఫుల్‌స్కేపు స్థానమున నేడు కార్యాలయములలో వాడుచున్నది ఏ-4 కాగితము. వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. ఇట్టివి 16 పరచినచో ఇంచుమించు ఒక చదరపు మీటరగును. కట్టమీద 80 జి.ఎస్.ఎం. అని యున్నచో చదరపు మీటరు తూకము 80 గ్రాములని అర్థము. అనగా కాగితము 5 గ్రాములు. 500 కాగితముల రీము రెండున్నర కిలోలు.

నాలుగు వైపుల అంగుళము చొప్పున అంచు విడిచినచో అక్షరములకు మిగులు చోటు నూటికి 63 వంతులే! ఫైలునకు రంధ్రములు వేయు ఎడమ అంచును అట్లే యుంచి, తక్కిన మూడింటిని ముప్పాతిక అంగుళమునకు తగ్గించినచో 69 వంతులగును. 100 పుటల నివేదిక, అక్షరము చిన్నది చేయకయే, 92 పుటలలో ఇముడును. రెండువైపుల అచ్చు వేసినచో 46 కాగితములు చాలును.

అయినను అసలు వృథా అంచులలో లేదు. ఒకమారు మేము 40 పుటల నాటకమును ఎనిమిదిమంది నటులకు అచ్చు తీయించితిమి. 320 కాగితములు. మూడవ పుటలో ఒక పాత్ర పేరు తప్పుపడినది. కలముతో దిద్దుకొనుడని చెప్పినచో తీరిపోయెడిది. మేము అన్నిటిని మరల తీయించితిమి. రిహార్సలులో రెండు దృశ్యములు కొట్టివేయబడినవి! టైపు యంత్రపు దినములలో కార్బను ప్రతులు నాలుగైదు దాటినచో చివరిది మసకబారెడిది. కావున ప్రతి ఎవరికి నిజముగా కావలెనో ముందే ఆలోచించెడివారము. నేడు మీట నొక్కుట సులభమై ఆ ఆలోచన తప్పిపోయినది. అనేక ప్రభుత్వ కార్యాలయములలో ఫైళ్లు ఇ-ఆఫీసు ద్వారా తెరమీదనే కదలుచుండగా, వానిని మరల అచ్చు తీసి బల్లపై నుంచుమను అధికారులును లేకపోలేదు.

ఇప్పుడు మేము రిహార్సలు ప్రతులను రెండువైపుల తీయించుచున్నాము. మైకు ముందు చదువు ప్రతి మాత్రమే ఒకవైపు. ప్రసారమైన పిదప ఒక ప్రతి ఫైలునకు పోవును. మిగిలినవాని వెనుకప్రక్క చిత్తుకు పనికివచ్చును. పిల్లల నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను ఏడాది చివర కుట్టి ఉంచు గృహిణులకు ఇది క్రొత్త కాదు. ఒక్క జాగ్రత్త: పిన్ను మరచిన కాగితము యంత్రమును చెడగొట్టును. జీతముల లెక్కలు, కళాకారుల చిరునామాలు గల కాగితములు చిత్తుగా చేతులు మారరాదు, చింపివేయవలసినదే.

ఇక ఫైలు ప్రతి సంగతి. ధ్వనిముద్రణ అరుదైన కాలమున ప్రసారమైన ప్రసంగములు ఎన్నియో వ్రాతప్రతులుగనే మిగిలియున్నవి. బీరువా ఖాళీ చేయు ఉత్సాహములో వానిని పాతకాగితముల వానికి తూచి ఇచ్చినచో ఆ మాటలు మరి దొరకవు. వాని వెనుకప్రక్క ఎంత తెల్లగానున్నను చిత్తు వ్రాయరాదని మా గదిలో అందరికిని చెప్పియుంచితిమి.