30 డాలర్ల బాణీకి 19 వారాల పట్టం

అమెరికా దక్షిణాది పల్లెపాటకు పాప్ హంగులద్దితే కంట్రీ పాప్. ఒకసారి వింటే నోట్లో నానే ఈ పాటల్లో గొంతు ఒకరిదే వినిపిస్తుంది గానీ, వెనుక పనిచేసిన చేతులు చాలా ఉంటాయి. రికార్డులు చెబుతున్న విశేషాలివి.

20 నిమిషాల్లో రాసిన పాట
టేలర్ స్విఫ్ట్ టీనేజీలో తన పడకగదిలో నేలమీద కూర్చుని 'లవ్ స్టోరీ'ని దాదాపు 20 నిమిషాల్లో రాసేశారు. అది 2008లో విడుదలై కంట్రీ పాటల్లో నంబర్ వన్ అయింది. తొలి రికార్డింగుల హక్కులు తన చేతిలో లేకపోవడంతో 2021లో మళ్లీ పాడితే, అదీ నంబర్ వన్నే! ఒకే పాటతో ఇలా రెండుసార్లు గెలిచింది అంతకుముందు డాలీ పార్టన్ ఒక్కరే.

అంకెల్లో సంగీతం
ఈ పాటల పుట్టిల్లు అమెరికాలోని నాష్‌విల్ నగరం. అక్కడి స్టూడియోల్లో వాద్యకారుల ముందున్న కాగితం మీద 1, 4, 5 లాంటి అంకెలే కనిపిస్తాయి. ఒక్కో అంకె ఒక్కో కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుచ్ఛం. గాయని గొంతుకు శ్రుతి ఎక్కువైందంటే అక్కడికక్కడే తగ్గించేస్తారు, కాగితం మార్చక్కర్లేదు. శ్రుతి మారినా మన సరిగమలు మారనట్టే! 1950ల చివర్లో జోర్డనేర్స్ బృంద గాయకుడు నీల్ మాథ్యూస్ ఈ పద్ధతికి నాంది పలికారు.

ఒకే ఆల్బమ్, వేర్వేరు రుచులు
1997లో వచ్చిన గాయని షనాయా ట్వైన్ ఆల్బమ్ 'కమ్ ఆన్ ఓవర్'ను విదేశీ శ్రోతల కోసం మళ్లీ మిక్స్ చేశారు. ఫిడేలు, స్టీల్ గిటార్ తగ్గాయి, పాప్ మోత పెరిగింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి.

నిమిషం 53 సెకన్లు
నెదర్లాండ్స్ కుర్రాడు యంగ్‌కియో 'నైన్ ఇంచ్ నెయిల్స్' రాక్ బృందం వాద్య సంగీతంలోని ఓ ముక్కతో బాణీ కట్టి ఆన్‌లైన్‌లో పెట్టాడు. లిల్ నాస్ ఎక్స్ దాన్ని 30 డాలర్లకు కొని 'ఓల్డ్ టౌన్ రోడ్' పాడాడు. నిడివి నిమిషం 53 సెకన్లే. 2019లో, పాటల ర్యాంకులు ప్రకటించే బిల్‌బోర్డ్ దాన్ని కంట్రీ జాబితా నుంచి తీసేసింది. కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ గొంతు కలిపిన రూపం అండతో అదే పాట అన్నిరకాల పాటలూ పోటీపడే హాట్ 100లో 19 వారాలు ఏలింది. అప్పటిదాకా రికార్డు 16 వారాలే.

తప్పు పేరే రంగస్థల నామం
2024లో ఆ 19 వారాల రికార్డును షబూజీ పాడిన 'ఎ బార్ సాంగ్' అందుకుంది. 2004 నాటి ర్యాప్ పాట 'టిప్సీ'ని మలుచుకుని అల్లిన పాట ఇది. షబూజీది నైజీరియా మూలాలున్న కుటుంబం. స్కూల్లో ఫుట్‌బాల్ కోచ్ ఇంటిపేరును తప్పుగా రాస్తే, అదే ఆయనకు రంగస్థల నామమైంది.

35 ఏళ్లకు అవార్డు
ట్రేసీ చాప్‌మన్ రాసి పాడగా 1988లో విడుదలైన 'ఫాస్ట్ కార్'ను 2023లో కంట్రీ గాయకుడు ల్యూక్ కోంబ్స్ మాటలు మార్చకుండా పాడి కంట్రీ రేడియోలో అగ్రస్థానానికి చేర్చారు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఉత్తమ గీతం' అవార్డు రచయిత్రి చాప్‌మన్‌కే దక్కింది. ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే. పాట ఎవరి గొంతులో మోగినా రాసిన చేతికి గౌరవం దక్కాల్సిందే. కంట్రీ పాప్ రికార్డులన్నింటిలో గర్వంగా చెప్పుకోవాల్సింది ఇదే.