కొవ్వుకీ క్లోమానికీ ఏమిటి సంబంధం?



మేకను కోసినప్పుడు పేగుల మీద తెల్లగా అంటుకున్న కొవ్వును మనందరం చూశాం. అది ఊరికే పడి ఉంటుంది అనుకుంటాం. కాని బతికున్న ఒంట్లో కొవ్వు కూడా పని చేస్తుంది. కొన్ని హార్మోన్లను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సైన్సు మేడం ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఎవ్వరం నమ్మలేదు.

ముందు క్లోమం గురించి తెలుసుకుందాం. ఇది జీర్ణాశయం వెనుక ఉంటుంది. పెద్దవాళ్లలో సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. ఇన్సులిన్‌నీ, క్లోమరసాన్నీ తయారుచేస్తుంది. క్లోమరసంలో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్, కొవ్వును అరిగించే లైపేజ్ ఉంటాయి. ట్రిప్సిన్ క్లోమంలో నిద్రపోతున్నట్టు ఉండి, చిన్నపేగులోకి వచ్చాకే పని మొదలుపెడుతుంది. పిత్తాశయంలోని రాయి జారి దారికి అడ్డం పడినా, సారా ఎక్కువ తాగినా అది క్లోమంలోనే లేచిపోతుంది. అప్పుడు తిన్నదాన్ని వదిలేసి క్లోమాన్నే అరిగిస్తుంది. దీన్నే క్లోమం వాపు అంటారు.

ఇప్పుడు కొవ్వు సంగతి. కొవ్వు వదిలే హార్మోన్లలో రెండింటి గురించి చెప్తాను.

1. లెప్టిన్: దీన్ని 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన తోటివారు కనుక్కున్నారు. "నిల్వ ఉంది, ఇక తిండి చాలు" అని ఇది మెదడుకు చెప్తుంది. కాని తెల్ల రక్తకణాలను రెచ్చగొట్టి వాపును కూడా పెంచుతుంది.

2. అడిపోనెక్టిన్: ఇది వాపును చల్లారుస్తుంది.

ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది, అడిపోనెక్టిన్ తగ్గుతుంది. అంటే మంట ఎగదోసేది ఎక్కువ, నీళ్లు చల్లేది తక్కువ! 2008లో అమెరికాలో ఎలుకల మీద పరిశోధన చేశారు. సన్న ఎలుకల కంటే లావు ఎలుకలకు క్లోమం వాపు తీవ్రంగా వచ్చింది. అడిపోనెక్టిన్ తక్కువ ఉన్నవాటికి వాపు ఎక్కువ కనబడింది. పైగా క్లోమం చుట్టూ ఉన్న కొవ్వును లైపేజ్ విడగొడితే వచ్చే ఆమ్లాలు కూడా కణాలను చంపుతాయి.

అలాగని లావు వాళ్లను ఎగతాళి చెయ్యకూడదు. ఎక్కువమందిలో వాపు మొదలుపెట్టేది రాళ్లు, సారా. కొవ్వు దాన్ని ముదరబెడుతుంది. కాబట్టి "నేను సన్నగానే ఉన్నా కదా" అని తాగేవాళ్లు ధైర్యపడకూడదు.

గుర్తులు: పై కడుపులో భరించలేని నొప్పి, అది వీపులోకి పాకడం, వాంతులు. మన గూడేల్లో కడుపునొప్పికి వాతలు పెడతారు. వాత తోలును కాలుస్తుంది గాని క్లోమం దాకా పోదు. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రిలో రక్తంలో అమైలేజ్, లైపేజ్ ఎంతున్నాయో చూస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, నొప్పి తగ్గడానికి మందు ఇస్తారు.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ముక్క అమ్మకీ నాయనకీ తప్పకుండా చెప్పండి. వాళ్లు ఈ గోడ దగ్గరికి వచ్చి చదవలేరు కదా.

– 9వ తరగతి విద్యార్థిని