నమ్మకం పెద్దలది, ఒళ్లు పిల్లలది

ఒకే మత సముదాయం పిల్లలను 29 ఏళ్ల తేడాతో రెండు దేశాల పోలీసులు తీసుకెళ్లారు. మొదటిసారి జడ్జి అదే రోజు పిల్లలను ఇళ్లకు పంపేశారు. రెండోసారి తల్లిదండ్రులు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లినా గెలవలేదు. మతస్వేచ్ఛ ఎక్కడిదాకా, బిడ్డ రక్షణ ఎక్కడినుంచి అన్న ప్రశ్నకు ఈ రెండు ఘటనల్లో చాలావరకు జవాబు ఉంది.

ఆ సముదాయం పేరు ట్వెల్వ్ ట్రైబ్స్. 1970లలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. ఆస్తి, పని, భోజనం అన్నీ ఉమ్మడివే. పిల్లల చదువూ లోపలే. మాట వినని బిడ్డను సన్నటి బెత్తంతో కొట్టి దారిలో పెట్టాలన్నది బైబిల్ ఆజ్ఞ అని వాళ్లు నమ్ముతారు.

1984 జూన్ 22న అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని ఐలండ్ పాండ్‌లో పోలీసులు వాళ్ల ఇళ్లలోకి వెళ్లి 112 మంది పిల్లలను తీసుకొచ్చారు. సముదాయాన్ని వదిలి వచ్చినవాళ్ల ఆరోపణలే ప్రభుత్వానికి బలం. ఫలానా బిడ్డకు ఫలానా హాని జరిగిందని విడిగా చూపించలేకపోయింది. పిల్లలను అదుపులో ఉంచడానికి జడ్జి ఫ్రాంక్ మహేడీ ఒప్పుకోలేదు.

జర్మనీలో హింస లేని పెంపకం పిల్లల హక్కు అని 2000లోనే పౌరస్మృతిలో రాసుకున్నారు. అక్కడి బవేరియా రాష్ట్రంలో ఉన్న ఇదే సముదాయంలో పిల్లలను బెత్తంతో కొట్టడాన్ని ఒక టీవీ విలేఖరి రహస్య కెమెరాతో చిత్రీకరించాడు. 2013 సెప్టెంబరు 5న 40 మంది పిల్లలను అధికారులు తీసుకెళ్లారు. కోర్టులు తల్లిదండ్రుల, పిల్లల, నిపుణుల మాటలు విన్నాయి. ఒక్కో బిడ్డ పరిస్థితిని విడిగా చూశాయి. బెత్తం తమ విశ్వాసంలో భాగమని తల్లిదండ్రులు పట్టుబట్టడంతో ఇంట్లోనే ఉంచి కాపాడే మార్గం కనబడలేదు. ఇందులో కుటుంబ జీవన హక్కుకు భంగం లేదని యూరప్ న్యాయస్థానం 2018 మార్చి 22న తేల్చింది.

రెండు చోట్లా కోర్టులు మతం మంచిచెడ్డలు తేల్చే పని పెట్టుకోలేదు. ఏ బిడ్డకు ఏం జరిగిందో అడిగాయి. ఫలానా మతంలో పుట్టడమే నేరమన్నట్టు సముదాయం పిల్లలందరినీ ఎత్తుకుపోతే అది రక్షణ అనిపించుకోదు. ఆధారం కళ్లెదుట ఉన్నా మతం పేరు చెప్పగానే వెనక్కి తగ్గితే అది స్వేచ్ఛను గౌరవించడమూ కాదు.

మరి ఆధారం ఎలా దొరుకుతుంది? మామూలు పిల్లల ఒంటిమీద వాతలు టీచరు చూస్తుంది, డాక్టరు చూస్తాడు, పక్కింటావిడ చూస్తుంది. తలుపులు మూసుకున్న సముదాయంలో ఆ కళ్లేవీ ఉండవు. అందుకే ప్రభుత్వం ఏళ్ల తరబడి ఏమీ తెలియకుండా ఉండి, ఒక్కసారిగా పోలీసులతో దిగుతుంది. ఎప్పటికప్పుడు బయటివాళ్ల రాకపోకలుంటే పిల్లలకూ మేలు, నిర్దోషులైన తల్లిదండ్రులకూ మేలు.

ఇది మనకూ సంబంధించినదే. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇస్తూనే, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి అని షరతు పెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. కానీ 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలను ఆ చట్టం నుంచి మినహాయించింది. అలాగని అక్కడి పిల్లలు దిక్కులేనివాళ్లు కారు. తమ సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టి హింసించేవారిని 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్షిస్తుంది. అందులో మతసంస్థలకు మినహాయింపు లేదు.

అయితే ఆ సెక్షన్ పనిచేయాలంటే విషయం బయటికి రావాలి. ఇల్లు వదిలి మతసంస్థల్లో ఉండి చదువుకునే ప్రతి బిడ్డనూ డాక్టరు క్రమం తప్పకుండా చూడాలి. 1098 హెల్ప్‌లైన్ నంబరు పిల్లలకు నోటికి రావాలి, ఫోను చేతికందాలి. ఏ మతమైనా ఈ మాత్రానికి అభ్యంతరం చెప్పాల్సిన పనిలేదు. చెబితే అధికారులు ముందుగా వెళ్లాల్సింది అక్కడికే.