వినరాని ధ్వనికి తూకము

వేరుసెనగ పండించు అనంతపురము రైతునకు తూకము విలువను మేము చెప్పనక్కరలేదు. కాటా తప్పినచో సంవత్సరపు కష్టము ఎవరి పాలగునో అతడెరుగును. అందుచేతనే తూనికరాళ్ళపై ప్రభుత్వముద్ర ఉండవలెనను నియమమేర్పడినది. కాని, భుజపునొప్పితో ఫిజియోథెరపీకి వెళ్ళిన ఆ రైతే, తన భుజముపై ప్రయోగించు అతిధ్వనికి తూకము సరిచూచితిరా యని అడుగుట అరుదు. ధ్వనికి తూకమేమని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. ఆ ధ్వని నిజముగా త్రాసుపైననే తూగును.

సెకనుకు సుమారు 20,000 కంపనములు మించిన ధ్వని మన చెవికి వినబడదు. చికిత్సలో వాడు అతిధ్వని సాధారణముగా 10 లక్షలు లేక 30 లక్షల కంపనములు గలది. కొన్ని స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి కంపించునని మరుసటి యేడు నిరూపించిరి. రోగి శరీరముపై త్రిప్పు ప్రోబులోని బిళ్ళ పనిచేయునది ఈ ధర్మము చేతనే.

ప్రోబు క్రిందపడినచో ఆ బిళ్ళ చిట్లవచ్చును. ఏండ్లు గడచినకొలది దాని అతుకు సడలవచ్చును. అప్పుడును యంత్రము మీది అంకె మారదు. అది యంత్రము పంపదలచిన శక్తియే గాని, శరీరమునకు చేరిన శక్తి కాదు. ప్రోబుపై నీటిచుక్కలు వేసి అవి కదలుట చూచుట కలదు. దానివలన ప్రోబు పనిచేయుచున్నదని తెలియును. ఎంత పనిచేయుచున్నదో తెలియదు.

అందులకై నీటిపాత్రలో ప్రోబును ముంచి, ఎదుట ధ్వనిని పీల్చుకొను పలకను త్రాసునకు అమర్చుదురు. ధ్వని ఆ పలకను నెట్టును. 1 వాటు శక్తి నెట్టు నెట్టుడు సుమారు 68 మిల్లీగ్రాముల బరువునకు సమానము. అనగా చిన్న వేరుసెనగ పప్పులో అయిదవ వంతు! నీటిలో గాలిబుడగలున్నచో ధ్వని చెదరిపోవును గనుక, గాలిని తొలగించిన నీటినే వాడవలెను. ఇట్టి కొలతకు మన దేశమున న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏర్పాటు కలదు. యంత్రము చూపు విలువకును నిజమైన శక్తికిని భేదము 20 శాతము మించరాదని అంతర్జాతీయ ప్రమాణము.

శక్తి మొత్తము సరిపోయిన మాత్రమున చాలదు. అది ప్రోబు ముఖమంతటను సమముగా పరచుకొనక ఒకచోట గుమిగూడినచో, అచ్చటి కణజాలము అధికముగా వేడెక్కును. ఎముకపైపొర కాలి లోతుగా నొప్పి పుట్టవచ్చును. శక్తి తగ్గినచో గాయము కాదు. నష్టము మాత్రము తప్పదు. కళ్యాణదుర్గము నుండియో రాయదుర్గము నుండియో కూలి మానుకొని, బస్సుఛార్జీ పెట్టుకొని పది దినములు వచ్చిన మనిషికి దక్కునది చల్లని జెల్లు పూత మాత్రమే.

అతిధ్వని అన్ని నొప్పులకు మందు కాదు. ఎన్నో నొప్పులకు వ్యాయామమే ప్రధానము. అయినను ఇచ్చుచున్న మోతాదు తెలియనిదే అది పనిచేసినదో లేదో నిర్ణయించుట ఎట్లు? కావున చికిత్సాలయములు ఏడాదికొకసారియు, ప్రోబు క్రిందపడినప్పుడెల్లను కొలత జరిపించవలెను; ఒక యంత్రపు ప్రోబును పరీక్షింపక వేరొకదానికి తగిలింపరాదు. రోగులు కూడ, “కడపటిసారి దీనిని ఎప్పుడు సరిచూచితిరి?” అని మర్యాదగా అడుగవచ్చును. మంచి చికిత్సకుడు ఆ తేదీని చూపుటకు వెనుదీయడు.